అమ్మ దాచిన ఉత్తరాలు

వెనుకటి రోజుల్లో మన ఇళ్లలో ఉత్తరం వస్తే చదివి పారేసేవారు కాదు. గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చేవారు. తీగ నిండాక ఆ కట్టను ట్రంకు పెట్టెలో పడేసేవారు. యుద్ధాల చరిత్ర రాసేవారు సేనాధిపతుల నివేదికలు వెతుకుతారు. ఇంట్లో కూర్చుని బెంగపడిన మనిషి సంగతి మాత్రం ఇలాంటి కట్టల్లోనే దొరుకుతుంది. ఆ మనిషి చాలాసార్లు అమ్మే.

ఇందులో ఒక చిక్కు ఉంది. అమ్మ రాసిన ఉత్తరాలు కొడుకును వెతుక్కుంటూ యుద్ధభూమికి పోతాయి. అక్కడి బురదలో, వానలో, మకాం మార్పుల్లో అవి నశిస్తాయి. మిగిలేవి కొడుకు రాయగా అమ్మ దాచుకున్నవి. అందుచేత ఆమె బెంగను మనం కొడుకు జవాబుల్లోంచే ఏరుకోవాలి.

ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో ఉండిన సూసన్ ఓవెన్ కథ ఇటువంటిదే. ఆమె పెద్ద కొడుకు విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1893లో పుట్టాడు. 1915లో సైన్యంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఇంగ్లీషులో వచ్చిన గొప్ప కవితల్లో కొన్ని అతనివి. 1967లో అతని ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ఆరువందలకు పైబడిన ఆ ఉత్తరాల్లో అత్యధిక భాగం తల్లికి రాసినవే.

ఆ రోజుల్లో సైనికులకు అచ్చు వేసిన కార్డులు ఇచ్చేవారు. బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, మీ ఉత్తరం అందింది అంటూ అందులో కొన్ని వాక్యాలు ఉండేవి. వర్తించనివి కొట్టివేసి, సంతకం, తేదీ వేసి పంపాలి. మరొక్క మాట చేర్చినా కార్డును చించేస్తారు. తానెక్కడున్నదీ రాయడానికి సెన్సారు ఒప్పుకోదు. అందుకని తల్లీ కొడుకులు కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. కార్డు మీద ఒక వాక్యాన్ని రెండు గీతలతో కొట్టివేశాడంటే మళ్లీ యుద్ధరంగానికి వెళుతున్నాడని అర్థం. కొడుకు ఎక్కడున్నాడో తెలియకపోతే నిద్ర పట్టని తల్లి ఉంటేనే ఇటువంటి ఏర్పాటు పుడుతుంది. ఆమె మాట ఒక్కటీ లేకపోయినా, ఆ రెండు గీతల్లో ఆమె కనిపిస్తుంది.

1917 జనవరిలో అతను రాసిన ఉత్తరం ఒకటి ఉంది. శత్రువుకూ మనకూ నడుమ ఉన్న నేలలో, నీళ్లు నిలిచిన గోతిలో, పాతికమంది ఇరుక్కుని యాభై గంటలు గడిపిన వైనం అందులో చెప్పాడు. నిన్ను మభ్యపెట్టడంలో అర్థం లేదన్న ధోరణిలో మొదలుపెట్టాడు. అదే కొడుకు చివరి ఉత్తరం 1918 అక్టోబరు 31న, ఫ్రాన్సులో ఒక అటవీ ఉద్యోగి ఇంటి నేలమాళిగలోంచి రాశాడు. అక్కడి పొగ, తోటివారి నవ్వులు వర్ణించి, ఇక్కడ అపాయమేమీ లేదు, ఉన్నా నువ్వీ ఉత్తరం చదివేలోగా గడిచిపోతుందని ధైర్యం చెప్పాడు. నవంబరు 4న ఓర్స్ గ్రామం దగ్గర కాలువ దాటే పోరులో చనిపోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. నవంబరు 11న యుద్ధం ముగిసిందని ఊరంతా చర్చి గంటలు మోగుతుంటే, ఆ తంతి ఇంటికి చేరింది.

1920 ఆగస్టులో సూసన్ ఓవెన్ రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఒక ఉత్తరం రాసింది. కొడుకు చివరిసారి సెలవు తీసుకుంటూ ఠాగూర్ మాటలు కొన్ని చెప్పాడట. అతని జేబు పుస్తకం ఇంటికి తిరిగి వచ్చాక చూస్తే, అవే మాటలు కవి పేరుతో సహా అతని చేతిరాతలో ఉన్నాయి. ఆ పద్యం మొత్తం ఏ పుస్తకంలో దొరుకుతుందని ఆమె అడిగింది. అది గీతాంజలిలోది. ఇన్నేళ్లూ కొడుకు జవాబుల వెనుక ఉండిపోయిన తల్లి గొంతు ఇక్కడ మనకు నేరుగా వినిపిస్తుంది.

అదే యుద్ధంలో 1914 నుంచి మన సిపాయిలూ ఫ్రాన్సులో పోరాడారు. ఇళ్లలో చాలామందికి చదువు రాదు. మరొకరి చేత రాయించి, మరొకరి చేత చదివించుకునేవారు. ఆ ఉత్తరాలను బులోన్ రేవులో సెన్సారువారు తెరిచి, కొన్ని భాగాలు ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో పెట్టేవారు. అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి. లండన్‌లో భద్రంగా ఉన్నవి ఆ తర్జుమాలే. అమ్మ ఏ పలుకుతో ఏడ్చిందో ఆ పలుకు పోయి, అర్థం ఒక్కటే మిగిలింది.

ఈ సంగతి మనకు పరాయిది కాదు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువారిని కోరంగీలనేవారు. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ మనవాళ్లు ఎందరో పనిచేశారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో ఆ నగరం జపాను చేతికి పోయింది. లక్షలాది మంది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. బర్మాలో కొడుకున్న తల్లికి ఆ రోజుల్లో టపా ఆగిపోవడమంటే ఏమిటో ఊహించుకోవచ్చు.

అటువంటి కాలపు కార్డులు బరంపురంలోనో, హోసూరులోనో, బళ్లారిలోనో, షోలాపూరులోనో మన పెట్టెల్లో ఉండవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా, బడిలో మరో లిపి నేర్చిన మన పిల్లలు వాటిని చదవలేరు. బులోన్‌లో సెన్సారు చేసిన పని ఇక్కడ మన అలసత్వం చేస్తుంది.

కనుక ఈసారి సెలవులకు పెట్టె దించండి. కవరు పారేయకండి. తపాలా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. యుద్ధకాలపుదైతే సెన్సారు ముద్ర కూడా ఉండవచ్చు. ఉత్తరం మీద ఏమీ రాయకుండా, ఎవరు ఎవరికి రాశారో వేరే కాగితం మీద రాసి జతచేయండి. గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దలు ఇంట్లో ఉంటే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి వారి చేత పైకి చదివించండి.