నమాజ్ వేళల వెబ్ పేజీ: అన్ని రిక్వెస్టులకూ ఒకే వివరాలు పంపడం ఎలా?

దువ్వాడలోని మన కుటుంబాల కోసం నమాజ్ వేళలు చూపే చిన్న పేజీ తయారు చేస్తున్నాం అనుకుందాం. వేళలను అలాధాన్ ఏపీఐ ఉచితంగా ఇస్తుంది. ఈరోజు వేళలకు ఒక రిక్వెస్ట్, నెల క్యాలెండర్‌కు ఇంకొకటి పంపాలి. జవాబు వచ్చేదాకా పేజీ ఆగిపోదు. దీన్నే అసింక్రనస్ రిక్వెస్ట్ అంటారు.

రెండింటికీ కావాల్సిన వివరాలు నాలుగు: అక్షాంశం (సుమారు 17.7), రేఖాంశం (సుమారు 83.15), మెథడ్, స్కూల్. మెథడ్ 1 అంటే కరాచీ లెక్క: ఫజర్, ఇషా రెండింటికీ 18 డిగ్రీలు. స్కూల్ 1 హనఫీ, 0 షాఫయీ.

మర్చిపోతే ఏమవుతుంది?

ఒక రిక్వెస్ట్‌లో స్కూల్ రాయకపోతే ఎర్రర్ రాదు, 0 అనే తీసుకుంటుంది. అప్పుడు ఒకే పేజీలో అసర్‌కు రెండు వేళలు కనిపిస్తాయి. మన ప్రాంతంలో ఆ తేడా డిసెంబర్‌లో దాదాపు ముప్పావు గంట, జూన్‌లో గంటంబావు దాకా ఉంటుంది. హనఫీ ఇంట్లో చూసినవాళ్లు వక్త్ రాకముందే నమాజ్‌కు నిలబడే ప్రమాదం ఉంది.

పద్ధతులు

జేక్వెరీ: అజాక్స్‌సెటప్‌లో డేటా కింద ఈ నాలుగూ ఒక్కసారి రాస్తే ప్రతి అజాక్స్ కాల్‌లో కలుస్తాయి. కానీ ఏదైనా కాల్‌లో డేటాను ఆబ్జెక్ట్‌గా కాకుండా స్ట్రింగ్‌గా ఇస్తే ఉమ్మడి వివరాలు పోతాయి. పైగా ఇది పేజీలోని వేరే ప్లగిన్ల కాల్స్‌కూ అంటుకుంటుంది. అందుకే జేక్వెరీ వాళ్లే దీన్ని వాడొద్దంటారు.

ఫెచ్: దీనికి ఇలాంటి సెటప్ లేదు. మనమే ఒక చిన్న ఫంక్షన్ రాసుకోవాలి. ఉమ్మడి వివరాలకు కాపీ తీసి, ఆ కాల్‌కు ప్రత్యేకమైనవి కలిపి, యూఆర్ఎల్‌సెర్చ్‌పారమ్స్‌తో చిరునామాకు జోడించి ఫెచ్‌కు ఇవ్వాలి. ఇదే మేలు.

రెండు జాగ్రత్తలు

అసలు ఆబ్జెక్ట్‌ను మార్చకండి, కాపీనే మార్చండి. లేదంటే ఒక కాల్ కోసం చేసిన మార్పు తర్వాతి కాల్‌కూ వెళ్తుంది.

యూజర్ షాఫయీ నుంచి హనఫీకి మార్చినప్పుడు పాత జవాబు ఆలస్యంగా వచ్చి కొత్తదాన్ని చెరిపేయొచ్చు. అబార్ట్‌కంట్రోలర్‌తో పాత రిక్వెస్ట్‌ను ఆపేయండి.

చివరగా బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ప్రతి రిక్వెస్ట్‌లోనూ నాలుగు వివరాలు ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత మీ మస్జిద్ టైమ్‌టేబుల్‌తో సరిచూసుకుని, అప్పుడే నలుగురికీ లింక్ పంపండి.