డబ్లిన్‌లో పదమూడు మంది: వి.వి. గిరి గారు సంఘం పని నేర్చుకున్న ఊరు

ఎపిసోడ్ వినే తీరిక లేనివాళ్ళ కోసం, విన్నాక పేర్లూ తేదీలూ మళ్ళీ చూసుకోవాలనుకునేవాళ్ళ కోసం ఎప్పటిలాగే రాసి పెడుతున్నాను. మాటల్లో అటూ ఇటూ పోయిన సంగతుల్ని ఇక్కడ కాస్త వరసలో పెట్టాను.

ఈసారి విషయం కాలేజీ సంఘాలు. ఐర్లండ్‌కి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలకి సెప్టెంబర్‌లో ముందుగా కనిపించేవి సొసైటీల స్టాళ్ళే. ఇక్కడ చాలా సొసైటీల్లో అధ్యక్షుణ్ణి 'ఆడిటర్' అంటారు. మన ఊళ్ళో ఆడిటర్ అంటే లెక్కలు చూసే ఆయనే కాబట్టి, "అమ్మా, నన్ను ఆడిటర్‌ని చేశారు" అని ఫోన్ చేస్తే అవతల ఒక్క క్షణం మాట ఉండదు. పదవి వచ్చాక సీవీలో ఒక లైను పెరుగుతుంది: టీమ్‌వర్క్, లీడర్‌షిప్. ఆ రెండు మాటల వెనక అసలు పని ఏమిటని వెతుకుతుంటే, ఇదే ఊళ్ళో నూరేళ్ళ కిందట చదువుకున్న ఒక తెలుగు విద్యార్థి దగ్గర ఆగాను.

ఆయన వరాహగిరి వెంకటగిరి. మన నాలుగో రాష్ట్రపతి. 1894లో బరంపురంలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. నాన్నగారు జోగయ్య పంతులు గారు వకీలు. 1913లో గిరి గారు లా చదవడానికి డబ్లిన్ వచ్చారు. లండన్ వదిలేసి ఇక్కడికెందుకంటారా? 1909లో మదన్‌లాల్ ధింగ్రా లండన్‌లో కర్జన్ వైలీని కాల్చి చంపాక, అక్కడి భారతీయ విద్యార్థుల మీద నిఘా బాగా పెరిగింది. డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ ద్వారా కూడా బారిస్టర్ కావచ్చు.

కింగ్స్ ఇన్స్ నుంచి బారిస్టర్ అవ్వాలంటే యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఒక ఏడాది కోర్సు చెయ్యాలి. 1914-15లో ఆ కోర్సుకి కూర్చున్న మొదటి బ్యాచ్‌లో పదమూడు మంది భారతీయులు. వాళ్ళలో గిరి గారు ఒకరు. 1914 నుంచి 1917 దాకా లెక్కేస్తే ఆ కాలేజీలో చదివిన మనవాళ్ళు మొత్తం 50 మంది. గిరి గారూ, ఇంకో లా విద్యార్థీ దాంతోపాటు బి.ఏ.లో కూడా చేరారు. కాలేజీ అప్పుడు ఊరి మధ్యలో ఎర్ల్స్‌ఫోర్ట్ టెరస్‌లో ఉండేది. ఇప్పుడు బెల్‌ఫీల్డ్‌కి వెళ్ళిపోయింది. పాత భవనం నేషనల్ కాన్సర్ట్ హాల్ అయింది. కచేరీకి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ పదమూడు మందే గుర్తొస్తారు.

వాళ్ళు తరగతి గదిలో నేర్చుకున్నదెంతో, వీధిలో చూసిందీ అంతే. గిరి గారు వచ్చిన 1913లోనే డబ్లిన్ లాకౌట్ జరిగింది. ఆగస్టు 26న ట్రామ్ కార్మికులు బండ్లు రోడ్డు మీదే వదిలేసి దిగిపోయారు. వాళ్ళ నాయకుడు జిమ్ లార్కిన్. అవతలి పక్క ట్రామ్ కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ. యజమానులంతా ఒక్కటై, లార్కిన్ యూనియన్‌లో ఉండమని సంతకం పెడితేనే పని అన్నారు. దాదాపు ఇరవై వేల మంది కార్మికులు నెలల తరబడి పని లేకుండా వీధిన పడ్డారు. లార్కిన్‌ని జైల్లో పెడితే ఆ బాధ్యత జేమ్స్ కానలీ తీసుకున్నాడు. 1914 మొదట్లో ఆకలికి తాళలేక కార్మికులు ఒక్కొక్కరే పనిలోకి వెళ్ళారు. ఆ ఏడాది చివర్లో లార్కిన్ అమెరికా వెళ్ళిపోయాడు. అంటే సమ్మె ఓడింది, నాయకుడు ఊళ్ళో లేడు. కానీ యూనియన్ మిగిలింది. తర్వాతి ఏళ్ళలో మళ్ళీ పెరిగింది. ఈ సంగతి పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

ఇక తరగతిలో. ఇంగ్లీషు పాఠం చెప్పింది కవి థామస్ మెక్‌డోనా. రాజకీయ అర్థశాస్త్రం చెప్పింది ఫాదర్ థామస్ ఫిన్లే. ఈయన జెసూట్ ఫాదర్, రైతుల సహకార ఉద్యమంలో ముఖ్యుడు. పదిమంది రైతులు కలిసి సొంతంగా డెయిరీ ఎలా పెట్టుకోవాలన్నది ఆయనకి పుస్తకంలో విషయం కాదు, రోజూ చేసే పని. మెక్‌డోనా దారి వేరు. ఐరిష్ వాలంటీర్లలో చేరి, సాయుధ తిరుగుబాటుకి సిద్ధమవుతున్న మనిషి. జనం కలిసి పనిచెయ్యడానికి మూడు పద్ధతులు: యూనియన్, సహకార సంఘం, రహస్య దళం. అన్నీ ఒకే చిన్న ఊళ్ళో, ఒకే సమయంలో ఆ కుర్రవాళ్ళ కళ్ళముందు ఉన్నాయన్నమాట.

మరి వాళ్ళు సొంతంగా ఏం చేశారు? దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న దౌర్జన్యాల గురించి గిరి గారూ మిత్రులూ కలిసి ఒక కరపత్రం తీసుకొచ్చారు. ఇది మనకి దూరపు విషయం కాదండీ. నాటాల్ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో గంజాం, విశాఖ జిల్లాల తెలుగువాళ్ళు బోలెడుమంది. 1913లో గాంధీ గారి వెంట సమ్మె చేసి సరిహద్దు దాటినవాళ్ళలో అలాంటి కూలీలే ఉన్నారు. బరంపురం కుర్రవాడికి అది పొరుగువాళ్ళ కథే.

కరపత్రం అంటే ఇప్పుడు మనకి చిన్నమాట. కానీ ఎవరో సమాచారం పోగెయ్యాలి, ఎవరో రాయాలి, ఎవరో దిద్దాలి, అచ్చుకి డబ్బు సర్దాలి, దాన్ని పంపాలి. ఒక్కడు నోరు జారితే అందరూ దొరికిపోతారు. జరిగింది కూడా దాదాపు అదే. కరపత్రం ఇంటెలిజెన్స్ వాళ్ళ చేతికి చిక్కింది. డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థుల మీద పోలీసుల కన్ను ఇంకా గట్టిగా పడింది. అయినా వాళ్ళు ఆపలేదు. ఐరిష్ వాలంటీర్ల పత్రికలో, 'ది నేషనల్ స్టూడెంట్' అనే కాలేజీ పత్రికలో భారతీయ విద్యార్థుల వ్యాసాలు వచ్చాయి, పేర్లు లేకుండా. సీవీలో రాసుకోడానికి పనికిరాని పని అది. నేను టీమ్‌వర్క్ అనే మాటని అక్కడ చూస్తాను.

ఇంకో ముచ్చట. యుద్ధం మొదలయ్యాక గిరి గారు లండన్ వెళ్ళి గాంధీ గారిని కలిశారు. రెడ్ క్రాస్‌లో చేరమని గాంధీ గారు అడిగితే సరేనన్నారు. తర్వాత ఆ మాట ఇచ్చినందుకు బాధపడ్డారు. గాంధీ గారు ఆయన్ని ఆ మాట నుంచి విడిపించి, సంగతి బయటికి పొక్కనివ్వలేదని జీవితచరిత్ర రాసిన జి.ఎస్. భార్గవ చెప్పారు. కుర్రవాడి పరువు పోకుండా వెనక్కి రానివ్వడం కూడా నాయకత్వమే కదా. కమిటీలో ఎవరైనా "నావల్ల కావట్లేదు" అన్నప్పుడు గ్రూపులో అందరిముందూ ఉతికి ఆరేసేవాళ్ళు ఇది ఒకసారి చదవాలి.

1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో తిరుగుబాటు మొదలైంది. వారంలోపే అణిచేశారు. మే 3న మెక్‌డోనాని కాల్చి చంపారు. పాఠం చెప్పిన మాస్టారిని అన్నమాట. మే 12న కానలీని చంపారు. భారతీయ విద్యార్థుల గదుల్లో సోదాలు జరిగాయి. తిరుగుబాటు నాయకులతో సంబంధం ఉందని గిరి గారి మీద అనుమానం. జూన్ 1న నెల గడువిచ్చి దేశం వదిలి పొమ్మన్నారని ఆయనే చెప్పుకున్నారు. జూన్ 21న బార్‌లో చేరారు. బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు.

తర్వాత ఆయన ఏ పద్ధతి ఎంచుకున్నారో చూడండి. తుపాకీ పట్టలేదు. రైల్వే కార్మికుల దగ్గరికి వెళ్ళారు. 1920ల్లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకుల్లో ఒకరై, పదేళ్ళకి పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగాల కోత మీద కార్మికుల్ని శాంతియుతంగా నడిపించారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారినే ఓడించి మద్రాసు మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డుని ప్రభుత్వం మార్చినందుకు కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేశారు.

ఈ జాబితాలో నన్ను ఆపేది రాష్ట్రపతి పదవి కాదు, ఆ పదేళ్ళకి పైబడిన కార్యదర్శి పని. సభ్యత్వాలు రాయడం, చందాలు లెక్క చూడడం, ఉత్తరాలకి జవాబులివ్వడం, యాజమాన్యంతో కూర్చుని మాట్లాడడం. డబ్లిన్ ఆయనకి నేర్పిందేమిటంటే, నా ఉద్దేశంలో, ఈ ప్రశ్న: నాయకుణ్ణి తీసేస్తే సంఘం నిలబడుతుందా? లార్కిన్ జైలుకెళ్ళడం, కానలీ తుపాకీ గుండ్లకి పోవడం, రెండూ ఆ ఊళ్ళో ఆయన ఉండగానే జరిగాయి. వాళ్ళ యూనియన్ మాత్రం వేరే సంఘంతో కలిసి 1990లో సిప్టు అయి, ఈ రోజుకీ లిబర్టీ హాల్ నుంచే పనిచేస్తోంది. గిరి గారి రైల్వే సమాఖ్య కూడా ఇంకా ఉంది.

మన పిల్లలకి ఇది ఎందుకు చెబుతున్నానంటే, వాళ్ళలో చాలామందిది ఏడాది మాస్టర్సే. ఆ పదమూడు మందిదీ ఏడాది కోర్సే. ఉగాది ఫంక్షన్‌కి హాలు ఎవరిని అడిగి తీసుకున్నారో, గ్రాంటుకి ఏ ఫారం నింపారో, ఎవరితో గొడవైందో, అన్నీ ఒకరి ఫోన్‌లో ఉంటాయి. ఆయన కోర్సు అయిపోగానే ఆ ఫోన్‌తో పాటే వెళ్ళిపోతాయి. వచ్చే సెప్టెంబర్‌లో కొత్తవాళ్ళు మళ్ళీ ఓనమాల దగ్గర మొదలుపెడతారు.

కాబట్టి ఈ ఏడాది కమిటీలో ఉన్నవాళ్ళకి నాదో మనవి. దిగిపోయే ముందు ఒక నోటుబుక్కు రాసి ఇవ్వండి. లెక్కలు, ఫోన్ నంబర్లు, జరిగిన తప్పులు, బాకీలు, అన్నీ. మీ పేరు కింద రాయకపోయినా పర్వాలేదు.