మూకీ నటుని ఫిడేలు

చార్లీ చాప్లిన్ అనగానే మనకు గుర్తుకు వచ్చేవి గుండ్రని టోపీ, చేతికర్ర, చిట్టి మీసం, వదులు ప్యాంటు. ఆయన చేతిలో ఫిడేలు కూడా ఉండేదని చాలామందికి తెలియదు.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ లండన్ నాటకశాలల్లో పాటలు పాడేవారు. తల్లి గొంతు పోయింది, తండ్రి తాగుడుకు బానిసయ్యాడు. ఏడేళ్ళ వయసులోనే ఆ పిల్లవాడు అనాథల మధ్య ప్రభుత్వపు తిండి తినవలసి వచ్చింది.

నాటకాల్లో నాలుగు డబ్బులు చేతికి వచ్చాక, పదహారో ఏట ఫిడేలు పట్టాడు. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు గదిలో సాధన. వారానికోసారి నాటకశాల వాద్యబృందం నాయకుడి దగ్గరో, ఆయన చూపిన గురువు దగ్గరో పాఠం. చాప్లిన్‌ది ఎడమచేతి వాటం. అందుకని తీగెలను తిరగవేసి బిగించి, వాద్యం లోపలి కర్రలను కూడా అటుదిటు మార్పించుకున్నాడు. కచేరీ విద్వాంసుడు కావాలన్నది ఆయన కోరిక. ఆ స్థాయి తనకు అందదని క్రమంగా గ్రహించి ఆ ఆశ వదులుకున్నాడు.

1914లో సినిమాల్లో అడుగుపెట్టాడు. 1916లో తీసిన 'ది వాగబాండ్'లో వీధుల్లో ఫిడేలు వాయించుకునే దేశదిమ్మరిగా నటించాడు. కాని అది మూకీ. తెర మీద కమాను కదిలేదే గాని నాదం వినిపించేది కాదు. అదే ఏడు పాటల ప్రచురణ సంస్థ పెట్టి రెండు వేల ప్రతులు అచ్చు వేయిస్తే, అమ్ముడుపోయినవి మూడు!

టాకీలు వచ్చాక కూడా 1931లో 'సిటీ లైట్స్'ను మాటలు లేకుండానే తీశాడు. సంగీతం మాత్రం తానే కూర్చాడు. స్వరాలు రాయడం ఆయనకు రాదు. కూనిరాగం తీసి వినిపిస్తే, తెలిసినవారు కాగితం మీద పెట్టేవారు. 1952 నాటి 'లైమ్‌లైట్'లో బస్టర్ కీటన్ పియానో ముందు కూర్చోగా, తాను ఫిడేలు పట్టి నవ్వించాడు. ఆ చిత్రం లాస్ ఏంజిలిస్‌లో 1972 దాకా ఆడలేదు. అందువల్ల దాని సంగీతానికి ఆస్కార్ 1973లో, ఆయన 83వ ఏట వచ్చింది. పోటీలో ఆయన గెలిచిన ఆస్కార్ అదొక్కటే.

అప్పటికీ ఆయన విశ్రమించలేదు. స్విట్జర్లాండ్‌లోని ఇంట్లో కూర్చుని తన పాత మూకీలకు ఒక్కొక్కదానికే సంగీతం సమకూర్చాడు. 1921 నాటి 'ది కిడ్'కు 1971లో, 1923 నాటి 'ఎ వుమన్ ఆఫ్ పారిస్'కు 1976లో. ఆ రెండోదే ఆయన చివరి పని. 1977 డిసెంబరు 25న కన్నుమూశాడు.

ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనలో ఎందరు ఒక వేణువునో, హార్మోనియాన్నో అటక ఎక్కించలేదు? విద్వాంసులం కాలేకపోవచ్చు. పదహారో ఏట మొదలై, తర్వాత వదులుకున్న కోరికను చాప్లిన్ ఎనభై దాటాక కూడా మరో దారిలో తీర్చుకున్నాడు. మనం ఈ ఆదివారం అటక దులిపి చూడవచ్చు. మనుమలు నవ్వితే నవ్వనివ్వండి.