కాలు తీసి చూడు

2013 జులై 5. కెనడా దేశం, క్విబెక్ రాష్ట్రం, నాంత్ అనే చిన్న ఊరు. రాత్రి పదకొండు కావస్తోంది. ముడిచమురు నిండిన 72 ట్యాంకర్లతో వచ్చిన గూడ్సు బండి వాలు మీదే ఆగింది. బండి మొత్తానికి ఉన్నది ఒక్కడే డ్రైవరు. ఆయన డ్యూటీ అయిపోయింది. తెల్లారి ఇంకొకరు వచ్చి నడపాలి.

దిగి, ఏడు హ్యాండ్‌బ్రేకులు బిగించాడు. అవి బండిని పట్టి ఉంచుతాయో లేదో చూడాలన్నది నిబంధన. ఇంజిన్‌తో లాగి చూశాడు. కదల్లేదు. అయితే ఆ సమయంలో ఇంజిన్ల గాలి బ్రేకులు కూడా పట్టే ఉన్నాయి. బండి ఏ బ్రేకు వల్ల ఆగిందో ఆ పరీక్ష చెప్పలేదు.

ముందున్న ఇంజిన్‌ను నడుస్తుండగానే వదిలి, టాక్సీలో లాక్ మెగాంటిక్ పట్టణానికి వెళ్లాడు. కాసేపటికే ఆ ఇంజిన్‌కు మంటలు అంటుకున్నాయి. అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఇంజిన్ ఆపి, మంటలార్పారు. గాలి బ్రేకులకు ఊపిరి ఆ ఇంజినే. అది ఆగాక గాలి మెల్లమెల్లగా తగ్గిపోయింది. ఒంటిగంటకు కాస్త ముందు, మనిషి లేని బండి కదిలింది. పదకొండు కిలోమీటర్లకు పైగా పల్లం. వేగం గంటకు 104 కిలోమీటర్లకు చేరింది. ఒకటింబావు వేళకు పట్టణం నడిబొడ్డున పట్టాలు తప్పింది. 47 మంది ప్రాణాలు పోయాయి.

మరుసటి ఏడాది కెనడా రవాణా భద్రతా మండలి నివేదిక వచ్చింది. కనీసం 17 హ్యాండ్‌బ్రేకులు వేస్తే తప్ప ఆ బండి అక్కడ నిలిచేది కాదని లెక్క తేల్చింది. తప్పు ఒక్క మనిషిది కాదంటూ 18 కారణాలు చూపింది. 2018లో కోర్టు ఆ డ్రైవరును నేరపూరిత నిర్లక్ష్యం కేసులో నిర్దోషిగా వదిలింది.

మన దేశంలోనూ 2024 ఫిబ్రవరి 25న, ఆదివారం ఉదయం, జమ్మూ వైపు కఠువా స్టేషన్‌లో నిలిపి ఉంచిన 53 వ్యాగన్ల గూడ్సు బండి డ్రైవరు లేకుండానే కదిలింది. డెబ్బై కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. పంజాబ్‌లో పట్టాలపై అడ్డంకులు పెట్టి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంత పెద్ద బళ్లకు వర్తించిన నియమమే ఇంటి ముందరి చిన్న కారుకూ వర్తిస్తుంది. దాన్ని నేను హన్మకొండలో, పద్మాక్షి గుట్ట పక్కన ఒక వాలు వీధిలో కళ్లారా చూశాను. కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరైన పెద్దాయన, ఆయన మేనకోడలు. ఆమె కారు హ్యాండ్‌బ్రేకు లివరు చివరిదాకా లేస్తోంది, అయినా బండి జారుతోంది.

“మామా, లివర్ కింద నట్టు రెండు చుట్లు బిగిస్తే అయిపోతది గదా?”

“ఆగు బిడ్డా. నట్టు ఆఖరి పని. ముందుగాల చక్రం కాడ సూడాలె.”

లివరు లాగితే కేబుల్ బిగుస్తుంది. కేబుల్ వెనక డ్రమ్ముల్లోని బ్రేకు షూలను విప్పారిస్తుంది. షూల లైనర్లు లోపలి నుంచి డ్రమ్మును అదిమి పట్టుకుంటాయి. లైనర్లు అరిగినా, కేబుల్ సాగినా, తుప్పు పట్టి ఇరుక్కున్నా పైన కనిపించే లక్షణం ఒక్కటే: లివరు ఎక్కువ లేస్తుంది, పట్టు తగ్గుతుంది. జబ్బు ఏదో తెలియకుండా నట్టు బిగిస్తే అది లోపలే దాగుతుంది.

ఆయన కారును చదును నేల మీదికి తెప్పించి ఫస్ట్ గేరులో ఉంచారు. ముందు టైర్లకు రెండు వైపులా రాళ్లు పెట్టారు. వెనక భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపారు. ఉత్త జాకీని నమ్మి ఎవరూ బండి కింద దూరకూడదు. లివరు ఒక్కో టక్కూ లాగిస్తూ చక్రాలను చేత్తో తిప్పి చూశారు. ఎడమది బిగిసింది. కుడిది తిరుగుతూనే ఉంది. డ్రమ్ము తీసి, లోపలి దుమ్మును ఊదకుండా తడిబట్టతో తుడిచారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. లైనర్లు బాగానే ఉన్నాయి. కుడివైపు కేబుల్ వానలకు తుప్పు పట్టి బిగుసుకుంది.

ఆటోనగర్ నుంచి కొత్త కేబుల్ వచ్చింది. బిగించి డ్రమ్ము ఎక్కించాక, కాలి బ్రేకును పలుమార్లు తొక్కించారు. షూలను తమంతట తామే సర్దుకునే ఏర్పాటు ఆ కారులో ఉంది. దాన్ని ముందు కుదురుకోనివ్వాలి. ఆ తర్వాతే నట్టు. ఎన్ని టక్కులకు పట్టాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసి అంతకే బిగించారు. లివరు దించితే రెండు చక్రాలూ రాపిడి లేకుండా తిరిగాయి. అతిగా బిగిస్తే లైనర్లు రాసుకుంటూ డ్రమ్ము బాగా వేడెక్కిపోతుంది.

చివరికి పరీక్ష. బండి కింది దారిలో ఎవరూ లేరని చూసుకున్నాక, కారు వాలు మీద నిలిచింది. గేరు న్యూట్రల్. ఆమె లివరు లాగింది.

“ఆగింది మామా!”

“కాలు యాడున్నది?”

ఆమె కిందికి చూసుకుంది. కాలు బ్రేకు మీదే ఉంది.

“గట్లయితే ఆపింది నీ కాలు. మెల్లగ తియ్యి. కదిలితే మల్ల తొక్కు.”

తీసింది. కారు కదల్లేదు.

నాంత్ వాలు మీద ఆ రాత్రి జరగనిది ఈ పనే. రెండు బ్రేకులు కలిసి పట్టుకున్నప్పుడు, రెండోదాని బలమెంతో మొదటిదాన్ని వదిలితేనే తెలుస్తుంది. హ్యాండ్‌బ్రేకు మన కాలు లేనప్పుడు పనిచేయాల్సిన బ్రేకు. మనం ఇంట్లోకి వెళ్లిపోయాక, కారు వెనక పిల్లలు ఆడుకుంటున్నప్పుడు, దానికి తోడుగా ఇంకెవరూ ఉండరు.

అన్నీ ఇంట్లో చేసేవి కావు. డ్రమ్ము లోపల నూనె తడి కనిపించినా, లివరు దించాక కూడా డ్యాష్‌బోర్డు మీది బ్రేకు లైటు ఆరకపోయినా మెకానిక్‌కు చూపించాల్సిందే. బ్రేకు ఆయిల్ తగ్గినా ఆ లైటు వెలుగుతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకును సొంతంగా విప్పొద్దు. కానీ కాలు తీసి చూసే పరీక్షకు పానా అక్కర్లేదు, ఖర్చు లేదు. కాలు తీసినప్పుడు బండి జానెడు జరిగినా సరే, బాగు చేయించేదాకా దాన్ని వాలు మీద నిలపొద్దు. చదును నేల మీదైనా గేరులో ఉంచి, టైరుకు రాయి అడ్డం పెట్టాకే దిగండి.