పాన్‌షెట్ కట్టపై సైనికులు

పూనా యని మన పెద్దలు పిలిచిన పుణె నగరమున తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. తెలంగాణమునుండి తాపీపనికి, కూలిపనికి తరలివచ్చిన కామాఠీలును, నేతవృత్తిగల పద్మశాలీలును తరతరములుగా అచట స్థిరపడిరి. 1961వ సంవత్సరము జూలై 12వ తేదీ ఆ నగరవాసులందరివలెనే వారికిని మరపురాని దినము.

పుణెకు నైరుతిదిశను, ముఠానదికి ఉపనదియైన అంబిపై, పాన్‌షెట్ వద్ద అప్పుడొక మట్టికట్ట నిర్మాణములో నుండెను. దానికి దిగువను, నగరమునకు చేరువగా, 1879లో పూర్తియైన ఖడక్‌వాస్లా రాతికట్ట కలదు. పాన్‌షెట్ పని ముగియకమునుపే ఆ వర్షఋతువున నీరు నిలుప మొదలిడిరి. కట్ట యడుగున నీరు పోవుటకై నిర్మించిన తూములో ఉక్కుకడ్డీలు లేని కాంక్రీటు దిమ్మలు వాడిరి. తలుపుల పనియు సగములోనే యుండెను. నీటి యొరవడికి తూము అదరగా, దానిపైనున్న మట్టి క్రుంగసాగెను. వానయో, తెరపి యీయలేదు.

అప్పుడు సైన్యమును పిలిచిరి. క్రుంగినచోట కట్ట యెత్తు తగ్గుచుండెను, ఎదుట నీటిమట్టము పెరుగుచుండెను. ఆ రెంటి నడుమ ఇసుకబస్తాలు పేర్చుటయే జవానుల పని. పేర్చిన వరుస క్రుంగును, మరల పేర్చవలెను. మట్టికట్టపై నీరొకమారు పొర్లినచో కట్టయంతయు కోసికొనిపోవును. పైనున్నవారు బ్రతుకుట కల్ల. ఈ సంగతి యెరిగియే వారు 11వ తేదీ రాత్రియంతయు జడివానలో అచటనే నిలిచిరి. తుపాకి యెత్తుటకంటె బస్తా యెత్తుట తక్కువ సాహసమని తలచువారు ఆ రాత్రిని ఒక్కమారు ఊహించుకొందురుగాక!

కట్ట నిలువలేదు. 12వ తేదీ ఉదయమున తెగెను. ఆ నీటి తాకిడికి ఖడక్‌వాస్లాయు తెగెను. శనివారపేట, నారాయణపేట మొదలగు నదీతీరపు పేటలు మునిగెను. మృతులు వేయిమంది వరకు నుందురని సాధారణముగా చెప్పుదురు.

అంతమాత్రమున జవానుల శ్రమ వృథాయైనదనరాదు. కట్ట తెల్లవారువరకు ఆగెను. అదే నడురేయి తెగియున్నచో జనులు నిద్రలోనే కొట్టుకొనిపోయెడివారు. పగలు గనుక నీరు వచ్చుట కన్నులార చూచి, పిల్లలనెత్తుకొని మెట్టకు పరుగిడగలిగిరి. వారికి దక్కినవి కొన్ని గంటలే. ఆ గంటలను బస్తాల వరుసలే సంపాదించి పెట్టినవి.

పిమ్మట ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. దాని యధ్యక్షుడు బావ్డేకర్ పని ముగియకమునుపే మరణింపగా, నాయక్ సంఘము దానిని పూర్తిచేసెను. పాన్‌షెట్ కట్టను మరల నిర్మించిరి. తానాజీసాగరమను పేర నున్న ఆ జలాశయపు నీటినే పుణె నేడును త్రాగుచున్నది.