దామెర్ల రామారావు ప్రకృతి దృశ్య చిత్రాలు

దామెర్ల రామారావు (1897 మార్చి 8 - 1925 ఫిబ్రవరి 6) రాజమండ్రిలో జన్మించిన ప్రసిద్ధ చిత్రకారుడు. 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాల ప్రఖ్యాతి వలన ఆయన గోదావరి ప్రాంతపు ప్రకృతి దృశ్యాలకు రావలసినంత పేరు రాలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు, స్వయంగా చిత్రకారుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకోవడానికి తోడ్పడ్డాడు.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనె 1872 నాటి లె హావ్ర్ రేవు సూర్యోదయ చిత్రం నుండి ఇంప్రెషనిజం అనే పేరు వచ్చింది. నదిని, వెలుగును చిత్రించినంత మాత్రాన రామారావును ఆ కోవలో చేర్చడం సరికాదు. ఇంప్రెషనిస్టులకు వెలుగు ప్రధానం. రామారావు చిత్రాలకు రేఖయే ప్రాణం.

28 ఏళ్ళు నిండకుండానే ఆయన మశూచితో మరణించాడు. ఆయన చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట నెలకొల్పిన ఆర్ట్ గ్యాలరీలో భద్రపరిచారు.