చాందినీ చౌక్‌లో బేగం సమ్రు భవనం: 1858 నాటి ఫొటో చెప్పేది, చెప్పనిది

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులకు 1857 తిరుగుబాటు సిలబస్‌లో ఒక అధ్యాయం. ఆ తిరుగుబాటును చూసిన ఇల్లు అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే, చాందినీ చౌక్‌లో ఉంది. ఇప్పుడు దాన్ని భగీరథ్ ప్యాలెస్ అంటారు. వైర్లు, బల్బులు, స్విచ్‌లు టోకున అమ్మే బజారు అది. బోర్డులు, వేలాడే తీగల వెనక అసలు భవనం ఎలా ఉండేదో తెలిపే ఆధారాల్లో 1858లో ఫెలీచే బియాటో తీసిన ఫొటో ఒకటి.

సర్ధానా జాగీరును ఏలిన బేగం సమ్రు ఈ భవనాన్ని 19వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించారు. నాట్యకత్తెగా జీవితం మొదలుపెట్టి, యూరోపియన్ కిరాయి సైనికుడు వాల్టర్ రైన్‌హార్ట్ మరణం తర్వాత అతని సేనకు నాయకురాలైన మనిషి ఆమె. మొఘల్ రాజధాని నడివీధిలో, తోట మధ్యన, గ్రీకు తరహా స్తంభాలతో ఇల్లు కట్టుకున్నారు. 1836లో ఆమె చనిపోయాక అది ఢిల్లీ బ్యాంకు చేతికి వచ్చింది.

1857 మే 11న మీరట్ సిపాయిలు నగరంలోకి వచ్చిన రోజే బ్యాంకుపై దాడి జరిగింది. మేనేజర్ బెరెస్‌ఫర్డ్, ఆయన కుటుంబం హతమయ్యారు. బియాటో చిత్రంలో కనిపించేది ఆ దెబ్బతిన్న భవనం. బ్రిటిష్ ప్రేక్షకులకు అది తమవాళ్లు చనిపోయిన చోటు. సెప్టెంబరులో ఢిల్లీ తిరిగి బ్రిటిష్ వశమయ్యాక ఊరి జనాన్ని గోడల బయటికి తరిమేసిన సంగతి అందులో లేదు. అప్పటి కెమెరాకు నడిచే మనిషి సరిగా దొరికేవాడు కాదన్నది నిజమే. కానీ బియాటో వచ్చేనాటికి ఆ వీధుల్లో నడవడానికి మిగిలినవాళ్లే తక్కువ. పైగా లక్నో సికందర్ బాగ్ చిత్రం కోసం ఆయన ఎముకలు పేర్పించాడని చరిత్రకారులు చెబుతారు. ఈ ఫొటోలను సాక్ష్యంగా వాడేటప్పుడు ఆ జాగ్రత్త అవసరం.

తర్వాత ఈ భవనం లాయిడ్స్ బ్యాంకుకు, 1940లో భగీరథ్ మల్ అనే వ్యాపారికి వెళ్లింది. తోట స్థలమంతా దుకాణాలైంది. 2022 నవంబరులో ఈ మార్కెట్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఇరుకు గల్లీల్లో మంటలు అదుపు చేయడానికి సిబ్బంది నానా అవస్థలు పడ్డారు. నివాసం కోసం కట్టినదాన్ని వేరే పనికి వాడే తీరు పాత ఢిల్లీకే పరిమితం కాదు. దేశ విభజన శరణార్థుల కాలనీగా మొదలైన రాజిందర్ నగర్ ఇళ్లు కోచింగ్ సెంటర్లు, పీజీలయ్యాయి. 2024 జులై 27న అక్కడి ఒక సెల్లార్ లైబ్రరీలోకి వరద నీరు చేరి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.

ఎర్రకోట నుంచి ఫతేపురి దాకా ప్రధాన వీధిని 2021లో పాదచారుల కోసం బాగుచేశారు. భగీరథ్ ప్యాలెస్ గల్లీలోకి తిరిగితే మాత్రం దృశ్యం మారిపోతుంది. బేగం స్తంభాలను చూడాలంటే దుకాణాల బోర్డుల పైకి తలెత్తాలి.